ఇంజనుకు పూయదగిన పూత

గత వేసవిలో మా విద్యార్థి యొకడు తన తండ్రిగారి పాత బుల్లెట్టు మోటారు సైకిలును నాకు చూపించి, "సార్, ఇంజనుకి నల్లరంగు వేయించి మూడు నెలలైనా కాలేదండీ, అప్పుడే పొలుసులు రాలిపోతోంది. ఈసారి పైన క్లియర్ కోటు కూడా కొట్టించమంటున్నారు, కొట్టించమంటారా?" అని అడిగినాడు. తెలుగు పాఠములు చెప్పువానికి ఇంజనుతో పనియేమని పాఠకులు నవ్వవచ్చును. ఆ తప్పును ఒకప్పుడు నేనును చేసియున్నాను కనుక, చెప్పుటకు నాకు కొంత అధికారము కలదు. నా బండికి ఇంటి తలుపులకు వేయగా మిగిలిన ఎనామెల్ రంగును పూసితిని. మామిడి పూత నిలిచినంత కాలము కూడ ఆ పూత నిలువలేదు.

బుల్లెట్టు బండి 1950వ దశకమున మద్రాసులో తయారగుట ఆరంభమైనది. దాని పాత నమూనాలలో సిలిండరు పోత ఇనుముది. దానిపైనుండు హెడ్డు అల్యూమినియం మిశ్రమముది. ఈ భేదమును మొదట గుర్తింపవలెను. మన తీరప్రాంతపు తేమగాలికి పోత ఇనుము తుప్పు పట్టును. దానికి పూత అవసరము. అల్యూమినియం గాలి సోకగనే తనపై తానే ఒక పలుచని పొరను కప్పుకొనును. దానికి రంగు చాలవరకు అలంకారమే.

వేడియు అన్ని భాగములందు సమానముగా నుండదు. క్రింది కేసు సుమారు 100 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర నుండగా, గజపతినగరం నుండి సాలూరు దాటి ఒడిశా ఘాటు రోడ్డు ఎక్కు బండి హెడ్డు 200 డిగ్రీలను చేరవచ్చును. హెడ్డు నుండి బయలుదేరు సైలెన్సరు వంపు అంతకంటె ఎంతయో అధికముగా కాగును.

సామాన్యపు ఎనామెల్ రంగులోని జిగురు నూనెల వంటి కర్బన పదార్థములతో చేయబడినది. 150 డిగ్రీలు దాటిన పిమ్మట అది పెళుసై, మాడి, విడిపోవును. వేడిని తట్టు రంగులలో సిలికోన్ జిగురు ఉండును. ఆ పేరును వ్యాప్తిలోనికి తెచ్చినవాడు ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ నగరమున పనిచేసిన కిప్పింగ్ అను రసాయన శాస్త్రవేత్త. మన చంపావతి నది ఇసుకలో సిలికాన్, ఆక్సిజన్ పరమాణువులు ఏ విధముగా పెనవేసికొని యున్నవో, ఈ జిగురుకు వెన్నెముకయైన గొలుసులోను ఆ విధముగానే యున్నవి. ఇసుక నిప్పుకు మండదు గదా! మిక్కిలి కాగినపుడు ఈ జిగురులోని కర్బన భాగము పోయినను, ఇసుక వంటి భాగము నిలిచి, రంగులోని అల్యూమినియం రేకులను పట్టి యుంచును. సైలెన్సరుకు వేయు రంగు తరచుగా వెండి వన్నెలో నుండుటకు ఇదియే కారణము.

డబ్బాపై 600 అని యున్నచో అది గొప్పదని అన్నింటికిని కొనుట వృథా వ్యయము. సిలిండరుకు 300 డిగ్రీలు తట్టునది చాలును. సైలెన్సరు వంపునకు మాత్రము 600 కావలెను.

రంగు కంటె ముఖ్యమైనది లోహమును సిద్ధపరచుట. మన ముంగిళ్లకు వచ్చి రాగి, ఇత్తడి పాత్రలకు కళాయి పూయువారిని పెద్దలు చూచియుందురు. ఈ మాటయే అరబ్బీ మూలము నుండి ఉర్దూ ద్వారా మనకు వచ్చినది. కళాయి పూయు ఉస్తాదు పాత్రను ముందుగా రుద్ది తోమి, నిప్పుపై కాచి, నవాసారము చల్లి, అటుపిమ్మటనే తగరమును తాకించును. మకిలిపై తగరము అంటదని ఆయన ఎరుగును. ఇంజను విషయమునను అంతే. పాత రంగు, తుప్పు, నూనె పూర్తిగా పోవునట్లు తీగ బ్రష్షుతో రుద్ది, థిన్నరుతో తుడిచి, ఆపై చేతితో ముట్టరాదు. అలవాటు చొప్పున క్రింద రెడ్ ఆక్సైడు పూయుదురు. ఇది పెద్ద పొరపాటు. క్రింది పొర మాడినచో పై పొర ఎంత మంచిదైనను దానితోపాటు ఊడును. డబ్బాపై వేరుగా చెప్పనిచో, రంగును శుభ్రమైన లోహముపైననే, మిల్లీమీటరులో నలుబదవ వంతుకు మించని పలుచని పొరగా వేయవలెను. మందముగా పూసినచో బుడగలు లేచును.

పూసిన గంటలో అది ఆరినట్లు కనబడును గాని, గట్టిపడినది కాదు. పెట్రోలు చుక్క పడిన కరగును. ఇంజనును కొన్ని నిమిషములు నడిపి ఆపి, పూర్తిగా చల్లారనిచ్చి, మరల కొంచెము అధికముగా నడుపుచు, అంచెలంచెలుగా కాల్చవలెను. కుమ్మరి కూడ కుండను ఒక్కసారిగా మంటలో పెట్టడు.

ఇక క్లియర్ కోటు మాట. పెట్రోలు ట్యాంకుపై అందముగా నుండు ఆ పారదర్శకపు పూత హెడ్డుపైనను సిలిండరుపైనను పసుపెక్కి పగులును. చల్లగా నుండు కేసు కవరుకు వేయవచ్చును. కాని రాయి తగిలి గీత పడినచో, తేమ లోనికి పాకి అల్యూమినియంపై తెల్లని దారముల వంటి మరకలను పుట్టించును. కవరును అప్పుడప్పుడు తోమి మెరిపించుటయే మేలని నా అభిప్రాయము.

రెండు డబ్బాలను కలిపి కొట్టు క్లియర్ కోటు విషయమున నాకు మరి యొక అభ్యంతరము కలదు. దాని గట్టిపరచు ద్రవములో సాధారణముగా ఐసోసయనేట్లు ఉండును. ఆ తుంపర పీల్చినవారికి ఉబ్బసము రావచ్చును. ఒకమారు పట్టుబడిన శరీరము పిమ్మట స్వల్పమాత్రకే తిరుగబడును. ముక్కునకు కట్టిన చేతిరుమాలు దానిని ఆపలేదు. బయటి నుండి స్వచ్ఛమైన గాలినందించు ముసుగు కావలెను. మన షెడ్లలో స్ప్రే గన్ను పట్టు కుర్రవాండ్రకు అట్టిది ఎక్కడ నున్నది? వారిలో మన విద్యార్థుల అన్నదమ్ములును ఉన్నారు.

ఆ విద్యార్థితో క్లియర్ కోటు వలదని చెప్పితిని. సిలిండరును విప్పించి, రెడ్ ఆక్సైడుతో సహా పాత పూతనంతయు గీకివేసి, 300 డిగ్రీల నల్లరంగు రెండు పలుచని పొరలు పూయించినాడు. హెడ్డును రంగు లేకుండనే విడిచినాడు. వర్షాకాలము గడచిన పిమ్మట చూచితిని; రెక్కల మొదళ్లలో, బ్రష్షు చేరని ఒకటి రెండు చోట్ల మాత్రము తుప్పు చుక్కలు కనబడినవి.