సరిహద్దు దాటినా మారని లెక్క: బస్తర్ వలస ఆదివాసీల జీవన ప్రమాణం

బస్తర్ నుంచి గోదావరి తీరానికి వలస వచ్చిన ఆదివాసీ కుటుంబం బాగుపడిందా? రాష్ట్రాల గణాంకాలు చూస్తే అవుననే చెప్పాలి. తలసరి ఆదాయంలో ఛత్తీస్‌గఢ్ కంటే తెలంగాణ రెట్టింపునకు పైగా ముందుంది. నీతి ఆయోగ్ బహుముఖ పేదరిక సూచీ ప్రకారం 2019-21లో ఛత్తీస్‌గఢ్‌లో 16.37 శాతం మంది పేదలైతే, ఆంధ్రప్రదేశ్‌లో 6.06 శాతం, తెలంగాణలో 5.88 శాతం మాత్రమే. అదే కాలానికి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే, ప్రతి వెయ్యి జననాలకు శిశు మరణాలు ఛత్తీస్‌గఢ్‌లో 44, తెలంగాణలో 26.

అయితే భద్రాద్రి కొత్తగూడెం, ములుగు జిల్లాల అడవుల్లోనూ, ఆంధ్రప్రదేశ్‌లోని చింతూరు, కూనవరం మండలాల్లోనూ ఉన్న వలస గూడేలకు వెళ్తే ఈ అంకెల జాడ కనిపించదు. చాలాచోట్ల తాగునీటికి వాగులో తీసిన చెలమే దిక్కు. కరెంటు, రోడ్డు లేని గూడేలు ఎన్నో. మెరుగైన రాష్ట్రానికి వచ్చినా మెరుగైన జీవితం ఎందుకు రాలేదన్నదే ఇక్కడి ప్రశ్న.

సగటు దాచేది

ఒక ప్రాంతంలో ఎంత ఉత్పత్తి జరిగిందన్నది వేరు, అక్కడి మనుషులు ఎలా బతుకుతున్నారన్నది వేరు. ఈ తేడాను లెక్కలోకి తేవడానికే ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం 1990లో మానవాభివృద్ధి సూచీని ప్రవేశపెట్టింది. మహబూబ్ ఉల్ హక్ నేతృత్వంలో, అమర్త్య సేన్ ఆలోచనల ఆసరాతో రూపొందిన ఈ సూచీ ఆదాయానికి ఆయుర్దాయాన్ని, చదువును జోడించింది.

ఈ తేడాకు బస్తర్ కంటే మంచి ఉదాహరణ దొరకదు. దంతెవాడ జిల్లాలోని బైలదిల్లా కొండల్లో 1968 నుంచి ఇనుప ఖనిజం తవ్వుతున్నారు. తవ్వే ఎన్‌ఎండీసీ ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. ఖనిజం కొత్తవలస-కిరండూల్ రైలు మార్గంలో విశాఖకు చేరుతుంది. నాలుగు దశాబ్దాలకు పైగా తవ్వకం జరిగాక, 2011 జనగణనలో దంతెవాడ జిల్లా అక్షరాస్యత 42 శాతం, పక్కనే ఉన్న బీజాపూర్‌లో 41 శాతం. అప్పటి ఖమ్మం జిల్లాలో దాదాపు 65 శాతం.

ఆదాయం పెరిగితే అన్నీ పెరుగుతాయనీ అనుకోలేం. అయిదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివారు 2019-21లో ఛత్తీస్‌గఢ్‌లో 34.6 శాతం. రెట్టింపు ఆదాయమున్న తెలంగాణలోనూ 33.1 శాతం ఉన్నారు.

కాగితం లేని బతుకు

మిర్చి కోతలకు, కూలి పనులకు బస్తర్ నుంచి రావడం పాత సంగతే. సరిహద్దుకు అటూ ఇటూ కోయ మాట్లాడేవారు ఉన్నారు, బంధుత్వాలూ ఉన్నాయి. 2005 జూన్‌లో సల్వాజుడుం మొదలయ్యాక వచ్చిన వలస మాత్రం వేరు. ఒకవైపు సాయుధ దళాలు, జుడుం, మరోవైపు మావోయిస్టుల మధ్య ఊళ్లు ఖాళీ అయ్యాయి. వేల మంది గోదావరి, శబరి లోయల్లోకి వచ్చి పోడు కొట్టుకుని గుడిసెలు వేసుకున్నారు. ఆదివాసీ యువకులకు ఆయుధాలిచ్చి ప్రత్యేక పోలీసు అధికారులుగా నియమించడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జులై 5న తీర్పు చెప్పింది. కానీ అప్పటికే వచ్చేసినవారు ఇక్కడే ఉండిపోయారు. స్థానికులు వీరిని గుత్తికోయలంటారు.

వీరిని రెండు చట్టాలు గీతకు బయటే నిలబెట్టాయి. మొదటిది, రాజ్యాంగంలోని 342వ అధికరణ. షెడ్యూల్డ్ తెగల జాబితా రాష్ట్రాలవారీగా ఉంటుంది. ఒక రాష్ట్రంలో ఎస్టీ అయిన వ్యక్తి మరో రాష్ట్రానికి వలస వెళ్తే అక్కడ ఆ హోదా వర్తించదని 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఆ కేసు ఆంధ్రప్రదేశ్ నుంచి మహారాష్ట్రకు వెళ్లిన ఒక విద్యార్థిది. కాబట్టి బస్తర్‌లో ఎస్టీ అయిన మురియా కుటుంబానికి ఇక్కడ ఆ ధ్రువపత్రం దక్కడం లేదు. అదే తీర్పులో ఓ మాట మరుగున పడింది: ఇష్టం లేకున్నా పరిస్థితుల వల్ల వలస వెళ్లినవారి విషయంలో చట్టసభలు ఆలోచించడం అవసరమని ధర్మాసనం సూచించింది.

రెండోది, 2006 అటవీ హక్కుల చట్టం. 2005 డిసెంబర్ 13కు ముందు నుంచి సాగులో ఉన్న భూమికే పట్టా వస్తుంది. ఆ తర్వాత వచ్చినవారు అటవీశాఖ దృష్టిలో ఆక్రమణదారులు.

దీని ఫలితం రోజువారీ బతుకులో తెలుస్తుంది. కొందరికి ఆధార్, ఓటరు, రేషన్ కార్డులు అందాయి. కానీ గుర్తింపు లేని గూడేనికి బోరు, బడి, కరెంటు రావడం కష్టం. కోయ మాట్లాడే పిల్లలు అటు హిందీ బడి వదిలి ఇటు తెలుగు బడిలో మొదటి నుంచి మొదలుపెట్టాలి. పట్టా లేకపోతే పంట రుణం, పెట్టుబడి సాయం ఉండవు. మిగిలేది కూలి ఒక్కటే.

స్థానికుల భయం

మరో పక్షం వాదననూ కొట్టిపారేయలేం. వలస వచ్చినవారికి ఎస్టీ హోదా ఇస్తే తమ రిజర్వేషన్లు, భూములు పంచుకోవాల్సి వస్తుందని స్థానిక ఆదివాసీల ఆందోళన. అడవి తరిగిపోతోందని అటవీశాఖ ఆరోపణ. 2022 నవంబర్‌లో చండ్రుగొండ మండలం ఎర్రబోడు వద్ద పోడు వివాదంలో అటవీ రేంజ్ అధికారి హత్యకు గురయ్యారు. ఆ తర్వాత గూడేలపై ఒత్తిడి మరింత పెరిగింది.

దారి లేకపోలేదు. మిజోరం నుంచి 1997లో పారిపోయి త్రిపురలో తలదాచుకున్న బ్రూ తెగవారికి 2020 జనవరిలో కేంద్రం, రెండు రాష్ట్రాలు కలిసి ఒప్పందం చేశాయి. సుమారు 34 వేల మందికి త్రిపురలోనే ఇంటి స్థలం, డిపాజిట్, రెండేళ్ల పాటు నెలవారీ సాయం, రేషన్ కోసం 600 కోట్ల రూపాయలు ప్రకటించారు. బస్తర్‌కు తిరిగి వెళ్లాలనుకునేవారికి అటవీ హక్కుల చట్టంలోని 3(1)(ఎం) ఆధారం కావచ్చు. పునరావాసం లేకుండా అక్రమంగా నిర్వాసితులైనవారికి ప్రత్యామ్నాయ భూమి సహా పునరావాస హక్కును అది గుర్తిస్తుంది. దీనికీ 2005 డిసెంబర్ 13 గడువే వర్తిస్తుంది కనుక, తర్వాత ఊరు వదిలినవారికి ప్రత్యేక నిర్ణయం కావాలి.

మావోయిజాన్ని అంతం చేయడానికి కేంద్రం 2026 మార్చిని గడువుగా పెట్టుకున్నాక, ‘ఇక తిరిగి వెళ్లిపోండి’ అన్న మాట బలపడటం సహజం. ఉండాలా, వెళ్లాలా అన్నది ఆ కుటుంబాలే తేల్చుకోవాలి. అందుకు ముందుగా రెండు వైపులా ఎవరు ఎప్పుడు వచ్చారో, ఏ ఊళ్లో ఎంత భూమి వదిలి వచ్చారో మూడు రాష్ట్రాలూ కలిసి లెక్క తీయాలి. ఆ లెక్క లేనంతకాలం ఛత్తీస్‌గఢ్ సగటులోనూ, తెలుగు రాష్ట్రాల సగటులోనూ వీరు కనిపించరు.