అద్దె ఇంట్లో గోడ ముట్టుకుంటే షాక్ కొడుతోందా? రిపేర్ ఖర్చు ఎవరిది.. చట్టం ఏం చెబుతోందంటే?

వానలు మొదలయ్యాయంటే అద్దె ఇళ్లలో ఒకటే కంప్లైంట్. "ఓనర్ గారూ.. బాత్రూమ్ గోడ ముట్టుకుంటే షాక్ కొడుతోందండీ". అటు నుంచి వచ్చే జవాబూ తెలిసిందే. "ఇన్నేళ్లలో ఎవరికీ కొట్టలేదే.. సరే, చూద్దాంలే". ఆ 'చూద్దాంలే'తోనే నెలలు గడిచిపోతాయి. తడిసిన గోడ, పాత వైరింగ్, ఎర్తింగ్ లేకపోవడం.. ఈ మూడూ కలిస్తే ప్రాణాలకే ముప్పు. మరి రిపేర్ ఎవరు చేయించాలి?

తెలిసీ దాస్తే కుదరదు

1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 108వ సెక్షన్ దీనిపై స్పష్టంగా చెబుతోంది. ఇంట్లో పైకి కనిపించని పెద్ద లోపం ఉందని ఓనర్‌కు తెలిస్తే, అద్దెకు వచ్చేవాళ్లకు ముందే చెప్పాలి. కాలిపోయిన వైర్లపై ప్లాస్టరింగ్ చేసి, స్లాబ్ పగుళ్లకు రంగేసి ఇల్లు చూపిస్తే కుదరదన్నమాట.

ఓనర్ చేయించాల్సిన రిపేర్‌ను, నోటీసు ఇచ్చాక కూడా తగిన సమయంలో చేయించకపోతే? అద్దెకున్నవాళ్లే చేయించుకుని, ఆ ఖర్చును వడ్డీతో సహా అద్దెలో మినహాయించుకోవచ్చు. అయితే ఇక్కడో మెలిక ఉంది. అగ్రిమెంట్‌లో వేరేలా రాసుకుంటే అదే చెల్లుతుంది. అందుకే సంతకం పెట్టే ముందు రిపేర్ల క్లాజ్ చదవాల్సిందే.

వైరింగ్ ఓనర్‌ది.. స్విచ్‌లు మీవి!

2021 జూన్‌లో కేంద్ర కేబినెట్ ఆమోదించిన మోడల్ టెనెన్సీ యాక్ట్‌లో ఎవరి వాటా ఎంతో లిస్టు ఉంది. గోడలు, స్లాబ్ లాంటి నిర్మాణ రిపేర్లు, పైపులు మార్చడం, ఇంటి లోపలి, బయటి వైరింగ్ ఓనర్ బాధ్యత. స్విచ్‌లు, సాకెట్లు, గీజర్ రిపేర్, కుళాయిలు అద్దెకున్నవాళ్లవి. రిపేర్ ఖర్చు కింద ఒక నెలలో సగం అద్దెకు మించి కోయకూడదని కూడా ఉంది. ఇది నమూనా చట్టం. రాష్ట్రాలు సొంతంగా చట్టం చేసుకుంటేనే అమలవుతుంది. కానీ ఈ లిస్టును మీ అగ్రిమెంట్‌లో రాసుకోవడానికి అడ్డేమీ లేదు.

షాక్ కొడితే వెంటనే ఇవి చేయండి

* మెయిన్ ఆఫ్ చేసి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. లోపం గీజర్‌లో ఉందా, గోడలోని వైర్‌లో ఉందా తేల్చండి. ఖర్చు ఎవరిదో తేలేది అక్కడే.

* ఫోన్‌లో చెప్పి వదిలేయొద్దు. ఫొటోలతో వాట్సాప్ మెసేజ్ పెట్టండి. స్పందన లేకపోతే స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి.

* నోటీసు లేకుండా అద్దె కోయొద్దు. బకాయి పడ్డారంటూ ఖాళీ చేయించే కేసు వేసే ఛాన్స్ ఉంది.

* ఎర్తింగ్‌తో పాటు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టమని అడగండి. ఎంసీబీ ఓవర్‌లోడ్, షార్ట్ సర్క్యూట్‌కే పడిపోతుంది. మనిషికి షాక్ కొడితే క్షణంలో కరెంట్ కట్ చేసేది ఆర్‌సీసీబీనే.

ఓనర్లూ.. ఇది మీకు!

నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద ఐదేళ్ల వరకు జైలు శిక్ష పడొచ్చు. ముందే హెచ్చరించినట్టు అద్దెకున్నవాళ్ల దగ్గర మెసేజ్ ఉంటే, 'నాకు తెలియదు' అని తప్పించుకోవడం కష్టం. అందుకే మెసేజ్ వచ్చిన రోజే ఎలక్ట్రీషియన్‌ను పంపడం ఇద్దరికీ మంచిది.