లెక్కల క్లాసులో నాలుగు బల్లలు

1/2కి 1/3 కలిపితే ఎంత? ఆరో తరగతిలో ఈ ప్రశ్న వేస్తే కొందరు తడుముకోకుండా 2/5 అంటారు. లవానికి లవం, హారానికి హారం కలిపేశారన్నమాట. తప్పని ఎర్రసిరాతో కొట్టేయడం తేలికే. ఆ జవాబు ఎలా వచ్చిందో తెలియాలంటే మాత్రం పిల్లల మాట వినాలి. 40 మంది ఉన్న క్లాసులో, 40 నిమిషాల పీరియడ్‌లో అదెలా కుదురుతుంది?

ఇందుకు పనికొచ్చే ఒక పద్ధతి ‘లెర్నింగ్ స్టేషన్లు’. పిల్లలను నాలుగు జట్లు చేసి, గదిలో నాలుగు చోట్ల నాలుగు పనులు సిద్ధంగా ఉంచుతారు. 20 నిమిషాలకోసారి జట్లు చోటు మారతాయి. రెండు పీరియడ్లలో అందరూ అన్నీ చేస్తారు.

భిన్నాల పాఠమే తీసుకుందాం. మొదటి బల్ల మీద 12 సెంటీమీటర్ల కాగితపు పట్టీలు ఉంటాయి. పట్టీలో సగం 6 సెంటీమీటర్లు, మూడో వంతు 4 సెంటీమీటర్లు. రెండూ కలిపి పెడితే 10 సెంటీమీటర్లు, అంటే పట్టీలో 5/6 వంతు. మరి 2/5 వంతు? 4.8 సెంటీమీటర్లే. సగానికి ఇంకొంత కలిపితే సగం కన్నా తగ్గుతుందా? తప్పు ఎక్కడుందో పట్టీయే చూపిస్తుంది.

రెండో బల్ల మీద అభ్యాస కార్డులు ఉంటాయి. జవాబులు వెనకవైపు. మూడో బల్ల దగ్గర ఇద్దరిద్దరు కలిసి తమ ఇంటి, ఊరి విషయాలతో లెక్కలు తయారు చేస్తారు. నాలుగో బల్ల దగ్గర టీచరు కూర్చుంటారు.

అసలు కీలకం ఈ నాలుగో బల్లే. లెక్కవేస్తే ఒక్కో విద్యార్థికి దక్కే టీచరు సమయం ఏమీ పెరగదు. మారేది మాట్లాడేది ఎవరన్నదే. నలభై మంది ముందు నోరు విప్పని అమ్మాయి పదిమందిలో “నేనిలా చేశాను” అని చెప్పగలదు.

ఈ ఆలోచన మనకు కొత్త కాదు. మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీలో, ఒకే టీచరు అనేక తరగతులు చూసుకునే పల్లె బడుల కోసం కార్డులు, ‘అభ్యసన నిచ్చెన’తో ఒక పద్ధతి రూపొందింది. అది తమిళనాడు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లోని కృత్య ఆధారిత బోధనకు దారి చూపింది.

ఇబ్బందులూ ఉన్నాయి. సూచనలు స్పష్టంగా లేకపోతే గోల తప్ప చదువు ఉండదు. వెనుకబడిన వారిని ఎప్పుడూ ఒకే జట్టులో ఉంచితే అది ముద్రగా మిగిలిపోతుంది. అందుకే జట్లు మారుస్తుండాలి, చివర్లో అందరూ కలిసి చర్చించుకోవాలి. మొదట రెండు బల్లలతో ప్రారంభించినా చాలు.

గ్రామీణ భారతంలోని 14–18 ఏళ్ల వారిపై 2023లో జరిగిన ‘అసర్’ సర్వేలో, మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగినవారు 43.3 శాతమే. హైస్కూలు వయసులో బయటపడే ఈ లోటుకు మూలం అంతకుముందే, ఎవరూ వినని ఒక తప్పు జవాబులో ఉండవచ్చు. దాన్ని వినడానికి ఒక బల్ల, పదిమంది పిల్లలు, 20 నిమిషాలు కావాలి.