పాత ఫైల్లో సంవత్సరం మారిస్తే కొత్త క్యాలెండర్ అయిపోదు

‘2015 క్యాలెండరూ 2026 క్యాలెండరూ ఒక్కటే, పాతది ఉంటే తీసి గోడకు తగిలించుకోండి’ అన్న మెసేజ్ వాట్సాప్‌లో తిరిగినంతసేపూ ఎవరికీ నష్టం లేదు. దాన్ని నమ్మి డీటీపీ సెంటర్లో పదకొండేళ్ల నాటి ఫైలు తెరిచి, 2015 ఉన్న చోటల్లా 2026 కొట్టి ప్లేటుకు పంపడంతోనే అసలు చిక్కు. అలా తయారై, ఒక బట్టల దుకాణం ఖాతాదారులకు పంచిన క్యాలెండర్ నా చేతికొచ్చింది. మార్చి పేజీలో ఉగాది 21, శనివారం అని ఉంది. నెల పేరు కింద సన్నటి అక్షరాల్లో ‘శ్రీ మన్మథ నామ సంవత్సరం’ అలాగే మిగిలిపోయింది. 2026 ఉగాది మార్చి 19, గురువారం. వచ్చింది పరాభవ.

వారాలు కలుస్తాయన్నది నిజమే. రెండేళ్లూ జనవరి 1 గురువారమే, రెండింటిలోనూ ఫిబ్రవరికి 28 రోజులే. జనవరి 1 ఏడు వారాల్లో ఏదైనా కావచ్చు, ఒక్కోదానికి లీపు ఉన్నది, లేనిది అని లెక్క వేస్తే, ఇంగ్లిష్ క్యాలెండర్లు మొత్తం 14 రకాలే. గుడ్ ఫ్రైడే కూడా రెండేళ్లూ ఏప్రిల్ 3నే పడింది. ఆ ఒక్కటి చూపించి పండుగలన్నీ కలిశాయనేవాళ్లు వినాయక చవితి దగ్గర ఏం చెబుతారు? 2015లో సెప్టెంబరు 17, 2026లో 14. రంజాన్ పండుగ 2015లో జూలై 18న వస్తే, 2026లో మార్చి మూడో వారానికే వచ్చేసింది. చాంద్రమాన సంవత్సరం 354 రోజులు. సౌరమానం కంటే 11 రోజులు తక్కువ. ఇస్లామిక్ క్యాలెండర్ ఆ తేడాను అలాగే వదిలేస్తుంది. మన పంచాంగం సుమారు 32, 33 నెలలకోసారి అధిక మాసం పెట్టి సర్దుకుంటుంది.

పాత ఫైలు ఘోరంగా దెబ్బతీసేది ఆ అధిక మాసం దగ్గరే. 2015లో మే 19 నుంచి జూన్ 16 దాకా మామూలు జ్యేష్ఠం, జూన్ 17 నుంచి జూలై 16 దాకా అధిక ఆషాఢం. 2026లో మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం, ఆ తర్వాత జూలై 14 దాకా నిజ జ్యేష్ఠం. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడండి. అప్పట్లో ముహూర్తాలున్న నెల ఇప్పుడు అధికం. అప్పటి అధికం ఇప్పుడు పెళ్లిళ్ల నెల. పాత ఫైలులో ముహూర్తాల పట్టీ కూడా ఉంటే, అది చూసి మే నెలాఖరుకు ఫంక్షన్ హాలుకు అడ్వాన్సు కట్టిన కుటుంబం, తర్వాత పురోహితుడు కుదరదంటే ఎవరిని అడగాలి? ఉచితంగా ఇచ్చిన క్యాలెండరే కదా అని తేలిగ్గా తీసుకునే మాట కాదిది. ఇంట్లో అందరూ చూసేది ఆ గోడ మీదున్న కాగితాన్నే.

‘సాఫ్ట్‌వేర్ అన్నీ లెక్క కడుతుంది’ అన్న నమ్మకం దీనికి తోడైంది. స్క్రైబస్‌లో క్యాలెండర్ స్క్రిప్టు ఉంది, ఇంక్‌స్కేప్‌లో ఉంది, లాటెక్ వాడేవాళ్లకు టిక్‌జీలో క్యాలెండర్ లైబ్రరీ ఉంది. ఏ తేదీ ఏ వారమో ఇవి తప్పు లేకుండా చెబుతాయి, గళ్లు గీసి పెడతాయి. తిథి, నక్షత్రం, వర్జ్యం వాటి పని కాదు. అవి పంచాంగం నుంచి మనం తెచ్చి పెట్టాల్సిందే.

పెద్దలు చెప్పే ‘పందొమ్మిదేళ్లకు తిథులు తిరిగొస్తాయి’ అన్న మాటను మాత్రం కొట్టిపారేయలేను. 2007లోనూ అధిక జ్యేష్ఠమే. ఆ ఏడు వినాయక చవితి సెప్టెంబరు 15, దీపావళి నవంబరు 9. 2026లో 14, 8. లెక్క దాదాపు కుదిరింది. కానీ క్యాలెండర్‌లో ఒక్క రోజు తేడా కూడా తప్పే, పైగా వారాలు కలవవు. ప్రూఫ్ చూసేటప్పుడు సరిపోల్చుకోవడానికి పనికొస్తుంది, అచ్చుకు పనికిరాదు.

ఇక చిల్లర నమ్మకాలు. ఐదు శుక్ర, శని, ఆదివారాలున్న నెల 823 ఏళ్లకోసారి వస్తుందట. శుక్రవారం మొదలయ్యే 31 రోజుల నెల ఏదైనా అంతే, 2026 మేలో ఉంది, 2027లో జనవరి, అక్టోబరు రెండింటిలోనూ ఉంటుంది. నాలుగేళ్లకోసారి తప్పకుండా లీపు అంటారు. 1900లో లేదు, 2100లో ఉండదు. తెలుగు క్యాలెండర్ పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతోనే కుదురుతుందన్న మాట పాతబడింది. పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో. ఇన్‌డిజైన్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకుంటే యూనికోడ్ ఒత్తులు చక్కగా పడతాయి. మండలి, మల్లన్న, రామభద్ర ఫాంట్లు ఉచితం. హైదరాబాద్ పంచాంగం న్యూజెర్సీకి సరిపోదు. 2026 ఉగాది నాడు ఇక్కడ ఉదయం 6.53కు అమావాస్య ముగిసినప్పుడు అక్కడ ఇంకా 18వ తేదీ రాత్రి 9.23. రెండు తెలుగు రాష్ట్రాలకు ఒకటే సెలవుల జాబితా చాలదు. బోనాలు, బతుకమ్మ సెలవులు తెలంగాణవి.

ఫైలు తయారుచేసేవాళ్లకు నాలుగు మాటలు. పాత డిజైన్ వాడుకోండి, పాత సమాచారం వద్దు. తిథులు, పండుగలు విడిగా ఒక పట్టికలో పెట్టుకుని డేటా మెర్జ్‌తో పేజీలోకి తెచ్చుకుంటే నిరుటి అక్షరం ఒక్కటీ మిగలదు. నెలకు ఐదు వరుసలే వేసి ఊరుకోకండి. ఆదివారంతో మొదలుపెడితే 2026 మే, ఆగస్టు నెలలకు ఆరు కావాలి. తిథుల సన్నటి అక్షరాలు ఒక్క నలుపు ప్లేటులోనే ఉంచండి. నాలుగు రంగులూ కలిపిన నలుపైతే రిజిస్ట్రేషన్ కాస్త తప్పినా అలుక్కుపోయి చదవలేం. ఏ పంచాంగం నుంచి, ఏ ఊరి సమయాలు తీసుకున్నారో చివరి పేజీలో వేయండి.

2027 వారాలు 2021తో కలుస్తాయి కాబట్టి అదే మెసేజ్ అంకెలు మార్చుకుని మళ్లీ వస్తుంది. 2021 ఉగాది ఏప్రిల్ 13, ప్లవ. 2027 ఉగాది ఏప్రిల్ 7, ప్లవంగ. ప్లేటుకు పంపే ముందు కనీసం ఉగాది తేదీ, సంవత్సరం పేరు, ఈ రెండూ సరిచూసుకోండి.