మన గిరి, ఢిల్లీ గిరి, డబ్లిన్ గిరి

అరసవల్లి సూర్యనారాయణస్వామి దర్శనానికి రైల్లో వచ్చేవాళ్లు ఆమదాలవలసలో దిగుతారు. స్టేషన్ బోర్డు మీద శ్రీకాకుళం రోడ్డు అని ఉంటుంది. ఆ పట్టాలు ఒకప్పుడు బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీవి. ఆ కంపెనీ కార్మికుల్ని కూడగట్టి, 1920ల చివర్లో ఖరగ్‌పూర్ సమ్మెల్లో ముందు నిలిచిన బరంపురం వకీలే వరాహగిరి వెంకటగిరి. 1969 ఆగస్టు 24న ఆయన దేశానికి నాలుగో రాష్ట్రపతిగా ప్రమాణం చేశారు. మన ఉత్తరాంధ్ర ఓట్లు అడిగి, గెలిచి, ఓడి, చివరికి రాష్ట్రపతి భవన్ చేరినవారు ఇంకొకరు లేరు. అయినా ఆయన పాలన ఎలాంటిదో చెప్పమంటే మనం ఢిల్లీ మాటే అప్పగిస్తాం: ఇందిరాగాంధీ చేతిలో రబ్బరు స్టాంపు.

ఆ మాటకు ఆధారం లేకపోలేదు. తాత్కాలిక రాష్ట్రపతిగా ఉంటూ 1969 జూలై 19న బ్యాంకుల జాతీయీకరణ ఆర్డినెన్సు మీద సంతకం చేశారు. మర్నాడే రాజీనామా చేసి స్వతంత్ర అభ్యర్థిగా బరిలోకి దిగారు. కాంగ్రెస్ నిలబెట్టిన నీలం సంజీవరెడ్డిని కాదని ఇందిర ‘అంతరాత్మ ప్రబోధం’ మేరకు ఓటేయమన్నారు. పోటీ పడ్డ ఇద్దరూ తెలుగువాళ్లే. మొదటి ప్రాధాన్య ఓట్లతో తేలలేదు. రెండో ప్రాధాన్య ఓట్లు కలిపాక గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427. ఆ ఎన్నిక చెల్లదని కేసు పడితే, పదవిలో ఉండగానే సుప్రీంకోర్టుకు స్వయంగా వెళ్లి సాక్ష్యం చెప్పారు. రాష్ట్రపతి బోనెక్కడం దేశానికి కొత్త. నా దృష్టిలో ఆయన పదవికి ఇచ్చిన గౌరవాల్లో ఇదొకటి. ఢిల్లీ దీన్ని పెద్దగా లెక్కలోకి తీసుకోదు.

బయటి దేశాల నుంచి చూస్తే మరో మనిషి కనిపిస్తాడు. 1913లో డబ్లిన్‌కు న్యాయశాస్త్రం చదవడానికి వెళ్లి, 1916 ఈస్టర్ తిరుగుబాటు తర్వాత ఐర్లాండ్ విడిచిపొమ్మని ఉత్తర్వు అందుకున్న కుర్రాడు. 1927లో జెనీవా అంతర్జాతీయ కార్మిక సదస్సుకు భారత కార్మికుల ప్రతినిధి. 1931లో లండన్ రౌండ్ టేబుల్ సమావేశంలోనూ వాళ్ల గొంతే. అక్కడివారికి గుర్తున్నది రాష్ట్రపతి కాదు, పదవికి ముందటి గిరి. పదవిలో ఉన్న ఐదేళ్లూ ప్రపంచ పత్రికలు ఇందిరనే చూశాయి.

ఇంటా బయటా చూపు తేడా ఎంత ఉంటుందో చూడాలంటే ఆ కాలపు అమెరికా అధ్యక్షుడు నిక్సన్ ఉన్నాడు. 1972లో చైనా వెళ్లి ప్రపంచ రాజకీయాల్నే మలుపు తిప్పాడని బయట పేరు. వాటర్‌గేట్‌తో ఇంట్లో పరువు పోయి, 1974 ఆగస్టు 9న గద్దె దిగాడు. గిరి గారు దిగిందీ ఆ నెలలోనే. మన తీరానికి మాత్రం నిక్సన్ చైనాతోనూ వాటర్‌గేట్‌తోనూ గుర్తుండడు. 1971 డిసెంబరు యుద్ధంలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది మన విశాఖ ఎదుటే. ఆ తర్వాత బంగాళాఖాతంలోకి సెవెంత్ ఫ్లీట్‌ను పంపినవాడిగానే అతణ్ని ఇక్కడివాళ్లు తలుచుకుంటారు.

గిరి గారి విషయంలోనూ మన కొలబద్ద మనకుండాలి. 1937లో బొబ్బిలిలో జస్టిస్ పార్టీ నాయకుడు, మద్రాసు ప్రధాని అయిన బొబ్బిలి రాజానే ఓడించారు. జమీందారీ ఊళ్లలో రాజావారి మీద ఓటేయడానికి జనానికి ఎంత గుండె కావాలో ఈ జిల్లాల వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. 1970 సెప్టెంబరులో రాజ్యసభలో రాజభరణాల రద్దు బిల్లు వీగిపోయాక, సంస్థానాధీశుల గుర్తింపు రద్దుచేస్తూ గిరి గారు ఉత్తర్వు ఇచ్చారు. డిసెంబరులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. పార్లమెంటు కాదన్నదాన్ని ఒక్క ఉత్తర్వుతో చేయడం తప్పే. కానీ బొబ్బిలి తెలిసినవాళ్లు దాన్ని ఉట్టి విధేయత అనలేరు. ఆయన ముప్పై ఏళ్ల కిందటి పట్టుదల కూడా అందులో ఉంది.

1952లో పాతపట్నం ఆయన్ను లోక్‌సభకు పంపింది, నెహ్రూ కార్మిక మంత్రిని చేశారు. 1957లో పార్వతీపురం ఓడించింది. అప్పట్లో అది ద్విసభ్య నియోజకవర్గం: ఒకటి జనరల్, ఒకటి గిరిజనులకు. ఇద్దరు గిరిజన అభ్యర్థులకే ఎక్కువ ఓట్లు రావడంతో జనరల్ సీటు ముఖదొర తెగకు చెందిన డిప్పల సూరిదొరకు దక్కింది. సూరిదొర క్షత్రియుడైపోయాడు, ఇక గిరిజనుడు కాడని కూడా వాదిస్తూ గిరి గారు సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1959లో ఓడిపోయారు. కార్మికుల కోసం జీవితం ధారపోసిన నాయకుడు ఒక గిరిజనుడి గెలుపును ఒప్పుకోలేకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఆయన రాష్ట్రపతిగా ఉండగానే, 1970 జూలైలో, అదే పార్వతీపురం ఏజెన్సీలో గిరిజనుల పక్షాన నిలిచిన వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం పోలీసు తూటాలకు బలయ్యారు.

అన్నిటికన్నా బరువైన పద్దు 1974 మే నెలది, రైల్వే సమ్మెది. 1971 డిసెంబరు 3న పాకిస్తాన్‌తో యుద్ధం వేళ అత్యవసర పరిస్థితి ప్రకటన మీద గిరి గారు సంతకం పెట్టారు. ఆ రాత్రి ఏ రాష్ట్రపతైనా పెట్టేవాడే. యుద్ధం పదమూడు రోజుల్లో ముగిసింది, ప్రకటన మాత్రం ముగియలేదు. దాని నీడలో బతికున్న భారత రక్షణ నిబంధనల్నే రైల్వే సమ్మె మీద ప్రయోగించారు. మే 8న మొదలైన సమ్మె 27న ఆగింది. లక్షల మంది పనిమానితే వేలాదిమందిని జైళ్లలో పెట్టారు, ఉద్యోగాలు తీసేశారు, క్వార్టర్ల నుంచి పెళ్లాంబిడ్డల్ని బయటికి నెట్టారు. సమ్మెకు ముందు నిలిచిన అఖిల భారత రైల్వే కార్మికుల సమాఖ్య వ్యవస్థాపకుల్లో గిరి గారు ఒకరు.

మంత్రిమండలి సలహాకు రాష్ట్రపతి కట్టుబడాలి కదా అనవచ్చు. సుప్రీంకోర్టు ఆ సూత్రాన్ని గట్టిగా తేల్చిచెప్పింది 1974 ఆగస్టు 23న, ఆయన పదవీకాలం చివరి రోజుల్లో. కట్టుబడాలంటే సరే, ఒప్పుకుంటాను. రాజీనామాకు మాత్రం ఎవరి సలహా అక్కర్లేదు. బ్యాంకు ఉద్యోగుల అవార్డును ప్రభుత్వం మార్చినందుకు 1954లో మంత్రి పదవి వదిలేసిన మనిషి ఆయన. ఆ మనిషే ఇరవై ఏళ్ల తర్వాత, తన పాత సహచరుల్ని బండ్లలో ఎక్కించి తీసుకుపోతుంటే ఆ కుర్చీలో ఉండిపోయారు.

పదవి దిగిన మరుసటి ఏడాది ఆయనకు భారతరత్న వచ్చింది. తీసేసిన రైల్వే వాళ్లు తిరిగి పనిలో చేరడానికి 1977లో జనతా ప్రభుత్వం రావలసి వచ్చింది.