మిశ్రమ యుద్ధకళలలో కుస్తీ

మిశ్రమ యుద్ధకళలు అనగా పిడిగుద్దులు, తన్నులు, కుస్తీ పట్లు, కీళ్ళను వంచే పట్లు, మెడ బిగింపులు అన్నిటినీ ఒకే పోటీలో అనుమతించే క్రీడ. ఎం.ఎం.ఏ. అనే పొట్టిపేరుతో ఇది ఎక్కువ ప్రసిద్ధం. ఈ క్రీడకు కుస్తీయే గట్టి పునాది అని ప్రతీతి. అయితే బాల్యం నుండి కుస్తీ సాధన చేసిన మల్లులను, కుస్తీ పోటీల నేపథ్యం లేని యోధులు ఆ విద్యలోనే మించిన సందర్భాలు పలు ఉన్నాయి.

నేపథ్యం

అల్టిమేట్ ఫైటింగ్ ఛాంపియన్‌షిప్ (యు.ఎఫ్.సి.) 1993లో అమెరికాలోని డెన్వర్ నగరంలో ప్రారంభమైనది. తొలి పోటీలో బ్రెజిల్ జుజుత్సు యోధుడు రాయిస్ గ్రేసీ విజేతగా నిలిచాడు. తరువాత డాన్ సెవర్న్, మార్క్ కోల్‌మన్ వంటి మల్లులు రంగప్రవేశం చేశారు. కోల్‌మన్ 1997లో యు.ఎఫ్.సి. మొదటి హెవీవెయిట్ ఛాంపియన్ అయినాడు. పోరు నిలబడి సాగాలా, నేలపై సాగాలా అన్నది నిర్ణయించే శక్తి మల్లునికి ఉండుటయే ఈ విజయాలకు ముఖ్య కారణం.

ప్రముఖ సందర్భాలు

జార్జ్ సెయింట్ పియర్: కెనడాకు చెందిన ఇతడు బాల్యంలో నేర్చినది క్యోకుషిన్ కరాటే. 2004లో మాట్ హ్యూస్ చేతిలో ఓడినాడు. హ్యూస్ అమెరికా విశ్వవిద్యాలయ కుస్తీలో రెండు పర్యాయాలు ఆల్-అమెరికన్ గౌరవం పొందిన మల్లుడు. ఆ తరువాత సెయింట్ పియర్ మాంట్రియల్‌లో కెనడా జాతీయ స్థాయి మల్లులతో కలిసి సాధన చేశాడు. 2007 ఆగష్టు 25న జాష్ కాస్‌చెక్‌ను కుస్తీ పట్లతోనే అదుపుచేసి, న్యాయనిర్ణేతల ఏకగ్రీవ నిర్ణయంతో గెలిచాడు. కాస్‌చెక్ 2001లో అమెరికా విశ్వవిద్యాలయాల మొదటి శ్రేణి కుస్తీ ఛాంపియన్. అదే సంవత్సరం డిసెంబరు 29న హ్యూస్‌ను పలుమార్లు పడవేసి, చేతిపట్టుతో ఓటమిని అంగీకరింపజేశాడు.

డేమియన్ మైయా: బ్రెజిల్‌కు చెందిన జుజుత్సు నిపుణుడు. 2013 ఫిబ్రవరి 2న, పర్‌డ్యూ విశ్వవిద్యాలయ కుస్తీ జట్టు నాయకునిగా పనిచేసిన జాన్ ఫిచ్ వీపును పట్టి, మూడు రౌండ్లలోనూ ఆధిక్యం చూపాడు.

లియాన్ ఎడ్వర్డ్స్: జమైకాలో పుట్టి ఇంగ్లండులో పెరిగిన ఇతడు 2022 ఆగష్టు 20న కమారు ఉస్మాన్‌ను మొదటి రౌండులో పడవేశాడు. యు.ఎఫ్.సి.లో ఉస్మాన్‌ను పడవేసిన మొదటివాడు ఇతడే. ఉస్మాన్ 2010లో అమెరికా విశ్వవిద్యాలయాల రెండవ శ్రేణి కుస్తీ ఛాంపియన్. తరువాతి రౌండ్లలో ఉస్మాన్ పైచేయి సాధించినా, అయిదవ రౌండులో ఎడ్వర్డ్స్ తలపై తన్ని గెలిచాడు.

మెరాబ్ ద్వాలిష్విలి: 2024 ఫిబ్రవరి 17న, 2008 బీజింగ్ ఒలింపిక్ కుస్తీ స్వర్ణపతక విజేత హెన్రీ సెహూడోను ఓడించాడు. 2025లో సెయింట్ పియర్ పేరిట ఉన్న యు.ఎఫ్.సి. అత్యధిక పడవేతల రికార్డును దాటాడు. ఇతడు జార్జియా దేశంలో జూడో, సాంబో నేర్చినవాడు. కనుక పట్ల విద్య తెలియనివాడు కాడు, ఒలింపిక్ కుస్తీ మార్గంలో రానివాడు మాత్రమే.

రీతూ ఫోగట్: దంగల్ చిత్రం ద్వారా ప్రసిద్ధి చెందిన ఫోగట్ కుటుంబపు మల్లురాలు. 2016 కామన్వెల్త్ కుస్తీ ఛాంపియన్‌షిప్‌లో స్వర్ణం, 2017లో 23 ఏళ్ళ లోపువారి ప్రపంచ పోటీలో రజతం గెలిచింది. 2021 డిసెంబరు 3న సింగపూరులో, ముయే థాయ్ నుండి వచ్చిన స్టాంప్ ఫెయిర్‌టెక్స్ నేలపై జరిగిన పోరులో చేతిపట్టుతో ఈమెను ఓడించింది. నేలపైకి చేరినంత మాత్రాన మల్లులదే గెలుపు కాదని ఈ పోటీ చూపినది.

కారణాలు

గెలుపు నిర్వచనం: కుస్తీలో రెండు భుజాలు నేలకు ఆనితే చిత్తు అయినట్లే. అందువలన మల్లుడు ఆపదలో బోర్లా తిరుగుతాడు. మిశ్రమ యుద్ధకళలలో చిత్తు అనే గెలుపు లేదు. బోర్లా తిరిగినవాడు ప్రత్యర్థికి వీపును, మెడను అప్పగించినవాడవుతాడు.

నిలబడే తీరు: మల్లుడు నడుము వంచి, తల ముందుకు చాచి నిలుస్తాడు. మోకాలి దెబ్బలు, తన్నులు ఉన్న చోట ఆ భంగిమ ప్రమాదకరం. నిటారుగా నిలిస్తే ప్రత్యర్థి కాళ్ళు దూరమవుతాయి.

అదను: కుస్తీలో ఇరువురూ చేతులు కలిపి పట్టుకై పెనుగులాడతారు. ఇక్కడ గుద్దు చూపి ప్రత్యర్థి చేతులు పైకి లేవగానే కాళ్ళను అందుకోవచ్చు. లేదా అతడు గుద్దబోయినపుడు ఆ చేతి కిందుగా దూరవచ్చు. దూరాన్ని కొలిచే నేర్పు కరాటే, ముయే థాయ్ సాధకులకు సహజంగా అలవడుతుంది. సెయింట్ పియర్ బలం ఇదే.

కంచె: మట్టి గోదాకు గోడ లేదు. యు.ఎఫ్.సి. బరి చుట్టూ ఉన్న కంచెకు వీపు ఆనించి నిలదొక్కుకొనుట, కంచెకు అదిమి పడవేయుట వేరుగా నేర్వవలసిన విద్యలు.

దమ్ము: ఒలింపిక్ కుస్తీ పోటీ 3 నిమిషాల చొప్పున రెండు భాగాలు. ఇక్కడ 5 నిమిషాల రౌండ్లు మూడు, ఛాంపియన్‌షిప్ పోటీలలో అయిదు.

పరిమితులు

పై సందర్భాలను బట్టి కుస్తీ వ్యర్థమని భావించరాదు. సెయింట్ పియర్ వంటివారు ఈ విద్యను మల్లుల వద్దనే నేర్చుకొన్నారు. కుస్తీ నేపథ్యం లేకపోవుట వేరు, కుస్తీ రాకపోవుట వేరు.

హైదరాబాదులో

హైదరాబాదు పాతబస్తీలో తాలింఖానాలు, వస్తాదుల శిక్షణ, మట్టి గోదా సంప్రదాయం కలవు. బార్కస్ ప్రాంతం పహిల్వాన్లకు పేరుపొందినది. నగరపు తూర్పు భాగాన ఉన్న మలక్‌పేట, దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతాలలో యువకులు కరాటే, కిక్‌బాక్సింగ్, జిమ్ శిక్షణ ద్వారా పోరాట క్రీడలను చేరుతున్నారు. మిశ్రమ యుద్ధకళలకు ఈ రెండు మార్గాలూ అవసరమే. తాలింఖానా నుండి వచ్చేవారికి పట్టు బలం, మెడ బలం, ఓర్పు ముందే ఉంటాయి. వీపు ఇవ్వకుండుట, తల కాచుకొనుట కొత్తగా నేర్వవలసి ఉంటుంది. కరాటే నుండి వచ్చేవారికి దూరం, అదను తెలుసు. పట్టు మాత్రం మల్లుల వద్దనే నేర్వవలసి ఉంటుంది.

ఇవి కూడా చూడండి

కుస్తీ
కరాటే
జూడో
ముయే థాయ్