బాట ప్రక్కన బోథ్

శ్రీనగరము నుండి కన్యాకుమారి వరకు సాగు 44వ జాతీయ రహదారిపై, నిర్మలు దాటి కొండలెక్కిన వాహనములలో పెక్కింటికి ఆదిలాబాదో నాగపురమో గమ్యము. 2010లో సంఖ్యలు మార్చువరకు 7వ జాతీయ రహదారిగా పేరుబడిన ఈ బాట నేడు మిక్కిలి విశాలమైనది. బాట విశాలమైన కొలది బాటసారి చూపు ఇరుకగుట వింత. నేరడిగొండ, ఇచ్చోడ అను పేర్లు పలకలపై కనబడి మరుక్షణమున మరుగగును. ఆ నడుమ ప్రక్కకు తిరిగినచో బోథ్ చేరవచ్చును. ఒంటరిగా కారో మోటారు సైకిలో నడుపుకొనుచు వచ్చువాడు ఒక పూట ఆగవలసిన ఊరది.

ఈ వైపునకు వచ్చువారందరును జలపాతముల కొరకే వత్తురు. బోథ్ మండలములోని పొచ్చెర ఇంచుమించు 20 మీటర్ల ఎత్తు నుండి దూకును. పొరుగుననున్న నేరడిగొండ మండలపు కుంటాల 45 మీటర్ల ఎత్తుతో తెలంగాణములో మిన్నయని పేరొందినది. యాత్రికులు తిన్నగా నీటి కడకు పోయి, ఛాయాచిత్రములు తీసికొని, తిరిగి రహదారి కెక్కి, అచటి హోటలులో భోజనము చేసి పోవుదురు. ఈ వరుస తారుమారు కావలెననియే నా మనవి. మొదట ఊరు, పిదప విస్తరి, ఆ పిదపనే జలపాతము. ఒంటరి ప్రయాణికునకు ఈ వరుస రుచికి మాత్రమే సంబంధించినది కాదు.

బోథ్ మండల కేంద్రము; షెడ్యూల్డు తెగలకు ప్రత్యేకింపబడిన శాసనసభా నియోజకవర్గమునకును అదియే పేరు. ఈ ప్రాంతపు అంగడిలో తెలుగుతోపాటు గోండి, మరాఠీ, లంబాడీ, ఉర్దూ మాటలు ఒకే బేరములో కలగలిసి వినబడుట సామాన్యము. చాయ్ దుకాణపు బెంచీపై కూర్చుండినంతనే, ప్రక్కనున్న పెద్దమనిషి పలుకరించును: “ఏ ఊరు బిడ్డా నీది? ఒక్కనివే వచ్చినవా?” నగరవాసికి ఇది పరుల సంగతులలో తల దూర్చుటగా తోచవచ్చును. కుంటాలకు పోవుచున్నానని చెప్పినచో రెండవ మాట వెలువడును: “రాత్రి పైన బాగ వాన కొట్టింది. నీళ్లల్లకు దిగకు.”

ఆ మాట విలువ తెలియవలెనన్న కడెం నది నడక తెలియవలెను. బజారుహత్నూరు ప్రాంతమున పుట్టి, కుంటాల కడ దూకి, దిగువన కడెం జలాశయమును నింపి ఆ నది గోదావరిలో కలియును. కుంటాల వద్ద ఎండ కాయుచుండగనే ఎగువ వానలకు ప్రవాహము పొంగవచ్చును. జలపాతము క్రింది మడుగులు పైకి ప్రశాంతములు. బండల నడుమ లోతు కంటికందదు. ఈతకు దిగి అచట ప్రాణములు కోల్పోయిన యువకులు పలువురు. 1958 ఆగస్టులో ఈ నదియే కడెం ఆనకట్టపై పొరలి గండికొట్టెను. 2022 జూలైలో గేట్ల శక్తికి మించిన వరద వచ్చి, దిగువ గ్రామముల ప్రజలను ఇండ్లు విడిపించెను. గుంపుగా వచ్చినవాడు కనబడకపోయినచో మిత్రులు వెదకుదురు. ఒంటరివాడు ఎటు పోయినదియు చాయ్ దుకాణపు పెద్దమనిషికి తప్ప మరెవరికిని తెలియదు. ఆయన ప్రశ్న కుతూహలము కాదు, కాపుదల.

ఇక భోజనము. రహదారి ప్రక్క ఢాబాలలో నానురొట్టెకును పన్నీరు కూరకును ఉత్తరమున దక్షిణమున ఇంచుమించు ఒకటే రుచి. ఈ సీమ నల్లరేగడి వేరు రుచి నెరుగును. వానకాలమున అది ప్రత్తి నిచ్చును. యాసంగిలో నేల దాచుకొనిన తేమతో జొన్న పండించును. జొన్నపిండికి గోధుమపిండివలె సాగు గుణము లేదు. కావున వేడినీరు పోసి మర్దించి, అరచేతితో తట్టి తట్టి రొట్టెను వెడల్పు చేయుదురు. పెనముపై వేసి, పైన తడిచేత నీరు రాచి, తిరుగవేసి కాల్చుదురు. చల్లారిన గట్టిపడును గనుక పొయ్యి ప్రక్కననే తినవలెను. తోడుగా పప్పో, పచ్చిమిరపకాయ, వెల్లుల్లి దంచిన ఠేచాయో ఉండును. ఈ ఠేచా పొరుగు మహారాష్ట్రము నుండి వచ్చిన చుట్టము. జొన్నరొట్టె ప్రతి హోటలులోను దొరకదు, అడిగి వెదకవలెను. లారీలలో తరలిపోవు ప్రత్తి అందరి కంటను పడును, ఇంట మిగులు జొన్న నోటికి మాత్రమే తెలియును.

వేసవిలో జలపాతములు సన్నగిల్లును. అప్పుడు వచ్చినవాడు నిరాశపడ నక్కరలేదు. ఫాల్గుణ చైత్రములందు ఇప్పపూలు రాత్రి విచ్చి వేకువకు నేల రాలును. గోండు, కొలాము కుటుంబములు తెలతెలవారుచుండగనే గంపలతో పోయి ఏరుకొందురు. ఎండిన పువ్వు ఎండుద్రాక్షవలె తీయన. కరవు కాలమున అది పస్తులు తప్పించిన ఆహారము. లోకము దానిని సారాయి సరకుగనే ఎరిగినది. నేడు ఉట్నూరులో ఆదివాసీ మహిళలు ఇప్పపూవుతో లడ్డూలు కట్టి అమ్ముచున్నారు. ఒక పొట్లము కొనినవాడు రుచితోపాటు ఆ పువ్వునకు తిరిగి దక్కిన గౌరవమును గూడ వెంట కొనిపోవును.

కడుపు నిండి, నీటి సంగతి తెలిసినపిదప జలపాతము చూచుట వేరు. పొచ్చెర వద్ద నీరు వెడల్పైన బండలపై పరచుకొని వచ్చి దూకును. కుంటాలకు వందలాది మెట్లు దిగవలెను. ఎక్కునపుడే వాని లెక్క తెలియును. మహాశివరాత్రికి అచటి సోమేశ్వరుని సేవింప భక్తులు వత్తురు. జలపాతపు పేరును శకుంతలతో ముడిపెట్టు కథయు కలదు. వీనినన్నింటిని ఒడ్డున నిలిచియే తనివితీర చూడవచ్చును.

తిరుగు దారిలో ఆ చాయ్ దుకాణము ముందు బండి నాపి, క్షేమముగా వచ్చితినని ఒక మాట చెప్పి పోవుట మర్యాద. అడిగిన పెద్దమనిషి ఆ మాటకై ఎదురుచూచుచుండవచ్చును.